చప్పుడు లేని బండి – చెప్పుకోవలసిన హక్కు

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యుత్ స్కూటర్ల వాడకం పల్లె, పట్టణం అనే భేదం లేకుండా విస్తరిస్తున్నది. ఈ వాహనాల వల్ల కలిగే ప్రమాదాల స్వభావాన్ని, బాధితులకు చట్టం కల్పించిన హక్కులను, వాహనం నడిపేవారి బాధ్యతలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

బెజవాడను ఏలిన మాధవవర్మ మహారాజును గురించి తెలుగునాట ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. యువరాజు రథం వీధిలో వేగంగా పోతుండగా, చింతచిగురు అమ్ముకొనే ఒక పేదరాలి బిడ్డ చక్రాల కిందపడి మరణించాడు. ఆ తల్లి రాజు ముందు నిలిచి న్యాయం కోరింది. 'పిల్లవాడే అడ్డు వచ్చాడు' అని గాని, 'విధిని తప్పించడం ఎవరి తరం' అని గాని రాజు ఆమెను ఓదార్చి పంపలేదు. తప్పు చేసినవాడు కన్నకొడుకే అయినా మరణదండన విధించాడు. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దైవం కనకవర్షం కురిపించిందని చెబుతారు. ఆ దండన నేటి మన న్యాయదృష్టికి మిక్కిలి కఠినమైనది. అయినా ఆ కథలో ఒక సత్యం ఉంది. వీధిలో జరిగిన ప్రమాదానికి జవాబు చెప్పవలసినవాడు ఒకడు ఉంటాడు. ఆ జవాబు అడిగే హక్కు చింతచిగురు అమ్ముకొనే పేదరాలికి కూడా ఉంటుంది.

రథాలు పోయి మోటారు బండ్లు వచ్చాయి. ఇప్పుడు పెట్రోలు అక్కరలేని విద్యుత్ బండ్లు వచ్చాయి. బండి మారింది గాని ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్నను అడగడమే మనం మరచిపోతున్నామని నా అభిప్రాయం.

గోదావరిపై శ్రీరాంసాగర్ ఆనకట్టను నిలుపుకొన్న పోచంపాడ్ నుండి పసుపు పంటకు పేరుపొందిన ఆర్మూరు వైపు ప్రొద్దున్నే బయలుదేరితే ఈ మార్పు కంటికి కనిపిస్తుంది. పాలు పోసే యువకుడు, బడికి వెళ్లే ఉపాధ్యాయిని, మందుల కోసం ఆర్మూరుకు వెళ్లే పెద్దాయన, కళాశాలకు వచ్చే విద్యార్థి విద్యుత్ స్కూటర్లపై సాగిపోతుంటారు. పొగ లేదు, రొద లేదు, ఖర్చు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం కూడా 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు కొనే విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. గాలిని, రైతు జేబును కాపాడే వాహనాన్ని ఎవరూ కాదనలేరు. నేను కూడా కాదనడం లేదు. అయితే ఏ వస్తువునైనా దాని గుణదోషాలు ఎరిగి వాడుకోవడమే వివేకం.

ఇంటిలో పొంచి ఉన్న ప్రమాదం

ఈ వాహనం తెచ్చే ప్రమాదాలు రెండు విధాలు. ఒకటి ఇంటిలో, రెండవది దారిలో.

మొదటిదానిని మన జిల్లా మరువరాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ పట్టణంలోని ఒక ఇంట్లో స్కూటరు నుండి తీసిన బ్యాటరీని రాత్రివేళ ఛార్జింగుకు పెట్టారు. తెల్లవారుజామున అది పేలింది. ఎనభై ఏళ్ల వృద్ధుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆయనను కాపాడబోయిన కుటుంబసభ్యులు గాయపడ్డారు. పోలీసులు తయారీ సంస్థపై నిర్లక్ష్యం కింద కేసు నమోదు చేశారు. అదే నెలలో ఆ సంస్థ రెండు వేల స్కూటర్లను తనిఖీకి వెనక్కి పిలిపించింది. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి నలభై ఏళ్ల గృహస్థు మరణించాడు. భార్యకు తీవ్రమైన కాలిన గాయాలయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో రేగిన మంటల పొగ పై అంతస్తులలోని హోటల్‌ను కమ్మి ఎనిమిది మందిని బలిగొన్నది.

దీనికి కారణం లిథియం అయాన్ బ్యాటరీ స్వభావంలోనే ఉంది. చిన్న పెట్టెలో ఎక్కువ శక్తిని నిలువ చేయడం దాని గొప్పతనం. లోపల ఒక కణం వేడెక్కి దెబ్బతింటే ఆ వేడి ప్రక్క కణానికి, దాని నుండి మరొకదానికి పాకుతుంది. వేడి వేడిని పుట్టిస్తూ పోయే ఈ గొలుసును మధ్యలో ఆపడం కష్టం. నాసిరకం కణాలు, వాటి అమరికలో లోపం, ఛార్జింగును నియంత్రించే పరికరంలో లోపం, ఆ బండికి చెందని ఛార్జరు, నీటిలో తడవడం, క్రింద పడి దెబ్బ తినడం వంటివి ఆ గొలుసును ప్రారంభింపగలవు. మన వేసవి ఎండ దీనికి తోడవుతుంది. 2022 నాటి దుర్ఘటనల తరువాత కేంద్రప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించి, బ్యాటరీల భద్రతా ప్రమాణాలను సవరించింది. కొత్త ప్రమాణాలు 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశగా, 2023 మార్చి 31 నుండి రెండవ దశగా అమలులోకి వచ్చాయి. కాబట్టి పాత బండి కొనేవారు ధర కంటే ముందు తయారైన తేదీ చూడాలి. దూరప్రయాణం చేసి వచ్చిన వెంటనే బ్యాటరీని ఛార్జింగుకు పెట్టకుండా చల్లబడనివ్వాలి. అందరూ నిద్రించే వేళ, పడకగదిలో గాని వాకిలికి అడ్డంగా గాని పెట్టరాదు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వాడరాదు.

దారిలో ఎదురయ్యే ప్రమాదం

రెండవది దారిలో జరిగేది. కాలినడకన పోయేవారు చెవితోనే సగం దారి చూస్తారు. వెనుక మోటారు రొద వినగానే ప్రక్కకు తొలగుతారు. విద్యుత్ స్కూటరు మెల్లగా పోతున్నప్పుడు ఆ హెచ్చరిక లేదు. పైగా చేతిపిడి తిప్పగానే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఆ దూకుడు తెలియదు. వానాకాలం పంట ఇంటికి చేరే రోజులలో మన దారులలో సగభాగం వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి. రాత్రివేళ ఆ కుప్పలపై, వాటి చుట్టూ పెట్టిన రాళ్లపై ఎన్ని బండ్లు జారిపడుతున్నాయో ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినదే.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై పోయేవారే. హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. బండి పెట్రోలుతో నడిచినా, విద్యుత్తుతో నడిచినా తలకు తగిలే దెబ్బ ఒక్కటే.

రాజీ పేరిట జారిపోతున్న హక్కు

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. నలభై ఏళ్ల కూలి మహిళ పసుపు తవ్వే పని ముగించుకొని కాకతీయ కాలువ గట్టున ఇంటికి నడిచి వస్తున్నది. వెనుక నుండి వచ్చిన విద్యుత్ స్కూటరు చప్పుడు ఆమెకు వినిపించలేదు. బండి తగిలి తుంటి ఎముక విరిగింది. బండి నడిపిన కుర్రవాడు చెడ్డవాడు కాడు, భయంతో వణికిపోయాడు. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చున్నారు. 'వాడిదీ మన ఊరే, నీదీ మన ఊరే, పోలీసుల దాకా ఎందుకమ్మా' అన్నారు. ఇరవై వేలు చేతిలో పెట్టి కాగితంపై వేలిముద్ర వేయించారు. రెండు నెలలకు ఆ డబ్బు అయిపోయింది. ఆమె మునుపటివలె వంగి పని చేయలేదు.

ఇది కేవలం ఊహ అయినా, మన పల్లెలలో ఏ పాఠకునికీ అపరిచితమైన దృశ్యం కాదు. రాజీ చెడ్డదని నేను అనను. కలిసి బ్రతకవలసిన ఊరిలో సామరస్యం కావాలి. కాని తనకు ఏ హక్కు ఉన్నదో తెలియనివారితో కుదుర్చుకొన్నది రాజీ కాదు. అది వారి అజ్ఞానాన్ని తక్కువ ధరకు కొనడం.

చట్టం ఆమె నష్టాన్ని ఎలా లెక్కిస్తుందో చూడండి. ఆమె నెలసంపాదన 9,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 1,08,000. ప్రమాదం వల్ల సంపాదించే శక్తి మూడవవంతు తగ్గితే ఏటా నష్టం 36,000. 2009 నాటి సరళా వర్మ తీర్పులో సుప్రీంకోర్టు వయస్సును బట్టి ఎన్ని రెట్లు లెక్కించాలో నిర్ణయించింది. 36 నుండి 40 ఏళ్ల వయస్సుకు అది 15 రెట్లు. అంటే సంపాదన నష్టం ఒక్కటే 5,40,000 రూపాయలు. వైద్యం ఖర్చు, అనుభవించిన నొప్పి, సేవ చేసినవారి శ్రమ దీనికి అదనం. ఐదు లక్షల నలభై వేలు ఎక్కడ, ఇరవై వేలు ఎక్కడ!

చట్టం ఇచ్చిన అండ

దారిలో మోటారు వాహనం వల్ల గాయపడినవారు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయింపవచ్చు. బాధితులు తాము నివసించే చోటనే దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ దీనికి ఆరు నెలల గడువు విధించింది. ఆ గడువును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలైనా, దానిని తప్పనిసరి అనుకొని త్వరపడటమే క్షేమం. ఎవరి తప్పో రుజువు చేయలేని స్థితిలో 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2.5 లక్షల రూపాయలు కోరవచ్చు. అయితే ఈ మొత్తాన్ని స్వీకరిస్తే 166 కింద వేసిన దావా ముగిసిపోతుంది. అందుచేత న్యాయసలహా పొందిన తరువాతనే సంతకం చేయాలి. ఢీకొట్టిన బండి ఆచూకీ తెలియకపోయినా బాధితుడు అనాథ కాడు. అటువంటి ప్రమాదాలలో మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది.

ప్రమాదం జరిగిన తొలి గడియలు అమూల్యమైనవి. 2025 మే 5న ప్రకటించిన కేంద్ర పథకం ప్రకారం మోటారు వాహన ప్రమాద బాధితులు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు, నగదు చెల్లించకుండా చికిత్స పొందవచ్చు. గాయపడినవారిని సదుద్దేశంతో ఆస్పత్రికి చేర్చిన వ్యక్తిపై కేసు పెట్టరాదని 134ఎ సెక్షన్ రక్షణ కల్పించింది. 'సాక్ష్యం చెప్పవలసి వస్తుంది' అనే భయంతో ఎవరూ ముఖం త్రిప్పుకొని పోనక్కరలేదు.

ఇంట్లో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలితే దారి వేరు. దానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. లోపమున్న వస్తువు వల్ల ప్రాణహాని, గాయం, ఆస్తినష్టం కలిగితే తయారీదారుడు, అమ్మినవాడు, మరమ్మతు చేసినవాడు తమ తమ తప్పును బట్టి బాధ్యులవుతారు. కొన్నవారే కాదు, వారి అనుమతితో వాడుకొనేవారు కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారులే. వినియోగదారుడు మరణిస్తే వారసులు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. వస్తువు ధర ఐదు లక్షలకు మించకపోతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అయితే కాలిన బ్యాటరీని 'పరీక్షించి ఇస్తాము' అన్నవారి చేతిలో పెట్టరాదు. అది ముఖ్య సాక్ష్యం. పోలీసుల పంచనామా ద్వారానే అది పరీక్షకు వెళ్లాలి.

హక్కు వెంట బాధ్యత

హక్కును గురించి చెప్పి బాధ్యతను దాచడం అర్ధసత్యం అవుతుంది. గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం, 250 వాట్లు మించని శక్తి, బ్యాటరీ కాక 60 కిలోలు మించని బరువు ఉన్న స్కూటరును నియమావళి మోటారు వాహనంగా పరిగణించదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు; బీమా నిర్బంధం లేదు. అందువల్లనే తల్లిదండ్రులు దానిని పిల్లలకు కొనిస్తున్నారు. కాని ఆ బండి తగిలి కూలి మహిళ ఎముక విరిగితే ట్రిబ్యునల్ లేదు, బీమా సంస్థ లేదు. ఆమె సివిల్ కోర్టులో బండి నడిపినవారిపై దావా వేయవలసిందే. విరిగే ఎముకకు 25 కిలోమీటర్ల వేగమని, 45 కిలోమీటర్ల వేగమని భేదం తెలియదు. ఇది చట్టంలోని లోపం. చిన్న బండ్లకు కూడా స్వల్ప రుసుముతో బీమాను తప్పనిసరి చేయాలని నా దృఢమైన అభిప్రాయం. కొన్న రోజే బండి ధరతో పాటు ఆ రుసుము తీసుకొంటే కొనేవారికి భారం కాదు. బాధితులకు మాత్రం అది బ్రతుకుతెరువు.

మరికొందరు మెకానిక్కుతో వేగపరిమితిని తీయించి చిన్న బండిని పెద్ద వేగంతో నడుపుతారు. అప్పుడది చట్టం ఇచ్చిన మినహాయింపును కోల్పోతుంది. రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం అవుతుంది. జరిగిన నష్టమంతా యజమాని ఇంటిమీద, పొలంమీద పడుతుంది. మార్పులు చేసిన వస్తువు విషయంలో అమ్మినవానిపై వినియోగదారుల చట్టం కింద దావా కూడా నిలవదు. ఒక తీగ మార్పించి పది కిలోమీటర్ల వేగం సంపాదించినవాడు రెండు రక్షణలను పోగొట్టుకొంటున్నాడు.

బాలుని చేతికి మోటారు వాహనం ఇచ్చి ప్రమాదం జరిగితే 199ఎ సెక్షన్ సంరక్షకుని గాని, యజమానిని గాని దోషిగా భావిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో బండ్ల ప్రమాదాల ప్రసక్తి ఉంది. తోలేవానికి నేర్పు లేక హాని జరిగితే దండన యజమానికి. నేర్పరి అయి కూడా అజాగ్రత్త వహిస్తే దండన తోలేవానికి. ఆ గ్రంథంలోని అనేక విషయాలు నేటి సమాజానికి ఆమోదయోగ్యాలు కావు. అయినా నేర్పులేనివాని చేతికి పగ్గాలు ఇచ్చినవాడు తప్పించుకోరాదనే భావం ఎంత ప్రాచీనమో అది తెలుపుతున్నది.

ఒక ఆక్షేపణ – సమాధానం

'కోర్టులకు తిరగడానికి ఏళ్లు పడుతుంది. చేతికి వచ్చిన ఇరవై వేలే మేలు కదా' అని కొందరు అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. ఆలస్యం మన న్యాయవ్యవస్థకు పట్టిన రోగం. రోజుకూలి చేసుకొనేవారికి వాయిదా అంటే ఒక పస్తు. కాని మార్గం ఈ రెండే కావు. ముందు ఆస్పత్రిలో గాయాలను నమోదు చేయించి, పోలీసు స్టేషనులో ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితంగా తీసుకోవాలి. 2022 నియమాల ప్రకారం పోలీసులు 48 గంటలలో తొలి నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ తరువాత రాజీ పడదలచుకొంటే లోక్ అదాలత్‌లో పడవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, తక్కువ ఆదాయం కలవారికి 1987 నాటి చట్టం కింద న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు. చెట్టు కింద వేసిన వేలిముద్రకు, న్యాయస్థానంలో కుదిరిన రాజీకి ఉన్న అంతరం ఇదే.

తెలుగులో న్యాయం

పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన సంస్కృతంలోని మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఋణాలు, సాక్ష్యాలు, ఆస్తి పంపకాలు వంటి న్యాయవిషయాలు పండితుల భాషలోనే ఉండిపోరాదని, తెలుగువారికి తెలుగులో అందాలని ఆ కవి శ్రమించాడు. ఏడు వందల ఏళ్లు దాటినా మన బీమా పత్రం, బ్యాటరీ హెచ్చరిక, వారంటీ కాగితం ఆంగ్లంలోనే ఉంటున్నాయి. పోచంపాడ్ రైతు ఇంట్లో వాటిని చదవగలిగినది ఎవరు? కళాశాలకు వెళ్లే అమ్మాయి, అబ్బాయి మాత్రమే.

కాబట్టి విద్యార్థులారా, ఈ బాధ్యత మీది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి మీ ఇంటి బండి కాగితాలను తీసి చూడండి. అది ఏ తరగతికి చెందినదో, దాని బీమా ఏ తేదీతో ముగుస్తుందో అమ్మకు, నాన్నకు తెలుగులో చదివి వినిపించండి. బ్యాటరీని పడకగది నుండి బయటకు మార్చండి. రేపు కాలువ గట్టున ఎవరైనా గాయపడి పడి ఉంటే 108కి ఫోను చేయండి. పెద్దమనుషులు కాగితం తెచ్చినప్పుడు, ఆ తల్లి వేలిముద్ర వేయకముందే, 'ఒక్క రోజు ఆగండి, ముందు కేసు నమోదు కానివ్వండి' అని వినయంగానే అయినా గట్టిగా చెప్పండి. చింతచిగురు అమ్ముకొనే ఆ తల్లికి రాజద్వారం దాకా వెళ్లే ధైర్యం ఉంది. మన ఊరి తల్లులకు ఆ దారి చూపేవారు కావాలి.

అభ్యాసం

1. మాధవవర్మ కథ ద్వారా రచయిత ప్రతిపాదించిన సత్యం ఏమిటి?
2. ఇంటిలో జరిగే బ్యాటరీ ప్రమాదానికి, దారిలో జరిగే ప్రమాదానికి బాధితులు ఆశ్రయించవలసిన చట్టాలు ఏవి?
3. తక్కువ వేగపు విద్యుత్ స్కూటర్ల విషయంలో చట్టంలో ఉన్న లోపం ఏమిటి? రచయిత సూచనతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
4. 'తనకు ఏ హక్కు ఉన్నదో తెలియనివారితో కుదుర్చుకొన్నది రాజీ కాదు' – ఈ వాక్యాన్ని వివరించండి.
5. మీ ఇంటిలో గాని, పొరుగింట గాని ఉన్న వాహనం కాగితాలను పరిశీలించి, మీరు గమనించిన విషయాలను పది వాక్యాలలో రాయండి.